బిల్లులో ఒక్క మాట... బతుకులో వంద రోజులు

పేదరికాన్ని తగ్గిస్తామంటూ వచ్చే ప్రతి బిల్లూ పేదవాడికి మేలు చేయదు. చట్టమయ్యేలోపు దాన్ని ఎవరు చదివారు, ఎవరు నిలదీశారు, ఏ మాట తీసేసి ఏ మాట పెట్టారు అన్నదాన్ని బట్టే అది హక్కవుతుందో, వట్టి కాగితంగా మిగులుతుందో తేలుతుంది. గత ఇరవై ఏళ్లకు పైగా కాలంలో వచ్చిన నాలుగు బిల్లుల కథ ఇది.

సంక్రాంతి వెళ్లిన వారం. పొద్దు పొడిచి గంట కూడా కాలేదు. అనంతపురం జిల్లాలో ఓ మెట్ట ఊరి బయట వాలు చేలకు అడ్డంగా ఉపాధి హామీ పనిలో కందకాలు తవ్వుతున్నారు. ముప్పై మంది దాకా ఉంటారు, ఆడవాళ్లే ఎక్కువ. ఫీల్డ్ అసిస్టెంట్ సిగ్నల్ కోసం గట్టెక్కి ఫోను పైకెత్తి పట్టుకున్నాడు. ఫొటో యాప్‌లోకి ఎక్కితేనే ఆ పూట మస్టరు పడినట్టు.

యాభై దాటిన ఒకావిడ గడ్డపార పక్కన పెట్టి, సద్ది విప్పుతూ మాట కలిపింది. జాబ్ కార్డు చూడొచ్చా అని అడిగితే బొడ్డు సంచిలోంచి ఓ నూనె ప్యాకెట్ కవరు తీసింది. అందులో నాలుగు మడతలు పెట్టిన కార్డు. మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి.

“ఇది ఉంటే చాలన్నా. పని కావాలని అడిగితే పదైదు దినాల్లో సూపాల. సూపకపోతే దుడ్లన్నా ఇయ్యాల. అదీ ఊరికి దగ్గర్లోనే ఇయ్యాల” అంది.

ఆవిడ బడి మెట్లెక్కలేదు, సంతకానికి బదులు వేలిముద్ర వేస్తుంది. అయినా ఆ నోటి నుంచి వచ్చిన మూడు మాటలూ ఉపాధి హామీ చట్టంలో అచ్చయిన మాటలే. అడిగిన 15 రోజుల్లో పని, లేదంటే నిరుద్యోగ భృతి, ఊరికి 5 కిలోమీటర్ల లోపు పని. దూరమైతే కూలి మీద 10 శాతం అదనం. ఆవిడకు రెండెకరాల మెట్ట ఉంది, వాన పడితే వేరుశనగ, లేకుంటే బీడు. పేదల జాబితా రాసినప్పుడు ఆ రెండెకరాల పేరు చెప్పి ఆ ఇంటిని పక్కన పెట్టారట. 2004లో పార్లమెంటుకు వచ్చిన బిల్లు ఉన్నది ఉన్నట్టుగా చట్టమై ఉంటే, ఆవిడకు ఈ కార్డు వచ్చేదే కాదు.

మాట ఒకటి, ముసాయిదా ఒకటి

2004 మే నెలలో గద్దెనెక్కిన యూపీఏ ప్రభుత్వం తన కనీస ఉమ్మడి కార్యక్రమంలో ఒక వాగ్దానం చేసింది. ఏటా కనీసం వంద రోజుల పనికి చట్టబద్ధమైన హామీ ఇస్తామంది. ఈ ఆలోచన అప్పటికప్పుడు పుట్టింది కాదు. 1972 కరువులో మహారాష్ట్ర మొదలుపెట్టిన పథకం 1977లో ఆ రాష్ట్ర చట్టమైంది. దేశమంతటికీ అలాంటిది కావాలని కూలి సంఘాలు ఎప్పటినుంచో అడుగుతున్నాయి. 2001లో ప్రభుత్వ గోదాముల్లో ధాన్యం ముక్కిపోతుంటే మరోపక్క జనం ఆకలితో చనిపోతున్నారంటూ సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. ఆ ఒత్తిడంతా ఈ వాగ్దానం వెనక ఉంది.

సోనియాగాంధీ అధ్యక్షతన ఏర్పడిన జాతీయ సలహా మండలిలో అరుణా రాయ్, జాన్ డ్రెజ్ సభ్యులు. మండలి 2004 ఆగస్టులోనే ముసాయిదా సిద్ధం చేసి ఇచ్చింది. అది మంత్రిత్వ శాఖల బల్లలు దాటి, గ్రామీణాభివృద్ధి మంత్రి రఘువంశ్ ప్రసాద్ సింగ్ చేతుల మీదుగా డిసెంబరు 21న లోక్‌సభకు చేరేసరికి కత్తిరింపులు పడ్డాయి. చూడటానికి చిన్న కత్తిరింపులే. తగిలింది మాత్రం గుండెకాయకి.

మొదటిది, హామీ ఎవరికి అన్నది. ముందుకొచ్చిన ప్రతి గ్రామీణ కుటుంబానికీ అన్నచోట ‘పేద కుటుంబాలకు’ అన్న మాట చేరింది. అంటే దారిద్య్రరేఖ జాబితాలో పేరుండాలి. ఆ జాబితా ఎలా తయారైందో గుర్తు చేసుకోవాలి. 2002 సర్వేలో 13 ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు మార్కులు. భూమి ఎంత, ఇల్లు ఎలాంటిది, ఇంట్లో ఒక్కొక్కరికి ఎన్ని బట్టలున్నాయి అని లెక్కవేశారు. పెట్టెలో మరో చీర ఉంటే మార్కు పెరుగుతుంది, మార్కు పెరిగితే పేదరికం తగ్గినట్టు. ఊళ్లో పలుకుబడి ఉన్నవాళ్ల పేర్లు జాబితాకెక్కడం, గుడిసెలో ఉన్నవాళ్ల పేర్లు జారిపోవడం అందరికీ తెలిసిందే.

రెండోది, ఎక్కడ, ఎప్పటిదాకా అన్నది. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతాల్లో, నోటిఫై చేసిన కాలానికే హామీ అన్నారు. దేశమంతటికీ ఎప్పుడు విస్తరిస్తారో గడువు లేదు. ఇష్టమైతే ఇచ్చి, కష్టమైతే తీసేసుకునేదాన్ని హామీ అని ఎలా అంటాం?

మూడోది, కూలి. రాష్ట్రాల కనీస వేతనంతో ముడి తెంపి, కేంద్రం తనకు తోచిన రేటు ప్రకటించుకునే వీలు పెట్టారు.

ఎనిమిది నెలల మథనం

ఆ బిల్లు అదే రూపంలో గట్టెక్కకపోవడానికి కారణం, దాన్ని పార్లమెంటులోని గ్రామీణాభివృద్ధి స్థాయీ సంఘానికి పంపడం. సంఘానికి అధ్యక్షుడు కల్యాణ్ సింగ్. ఆయనది ప్రతిపక్షమైన బీజేపీ. అయినా సంఘం రాజకీయం పక్కనపెట్టి బిల్లును పంక్తి పంక్తిగా చదివింది. అధికారులను పిలిచింది, నిపుణుల మాట, కూలి సంఘాలవాళ్ల మాట విన్నది.

అదే సమయంలో బయట ఇంకో పని జరుగుతోంది. 2005 మే నెలలో ఢిల్లీ నుంచి ఒక బస్సు బయలుదేరింది. రోజ్‌గార్ అధికార్ యాత్ర అని దాని పేరు. యాభై రోజులు, పది రాష్ట్రాలు. ఆగిన ప్రతి చోటా కూలీలను కూర్చోబెట్టి బిల్లులో ఏముందో చెప్పడం, మీకేం కావాలని అడగడం. ప్రభుత్వాన్ని బయటి నుంచి నిలబెడుతున్న వామపక్షాలు లోపల పట్టుబట్టాయి. జులైలో స్థాయీ సంఘం నివేదిక వచ్చింది. పేద కుటుంబాలన్న షరతు తీసేయాలని, దేశమంతటికీ గడువుతో విస్తరించాలని చెప్పింది.

సవరించిన బిల్లు ఆగస్టు 23న లోక్‌సభలో, మర్నాడు రాజ్యసభలో నెగ్గింది. సెప్టెంబరు 5న రాష్ట్రపతి ఆమోదముద్ర పడింది. పనికి ముందుకొచ్చే పెద్దవాళ్లున్న ఏ గ్రామీణ కుటుంబమైనా అర్హమే. అయిదేళ్లలోపు దేశమంతా అమలు కావాలి. ఎండలో మట్టి తవ్వి బతకడానికి వచ్చిన మనిషిని ‘నువ్వు పేదవాడివేనా’ అని అడగక్కర్లేదు, ఆ రావడమే రుజువు. చట్టం ఆ ఇంగితాన్ని ఒప్పుకుంది.

అన్నీ గెలవలేదు. వంద రోజులు మనిషికి కాదు, కుటుంబానికే. పట్టణాల పేదలకు చోటు దక్కలేదు. కనీస వేతనం ముడి తెగే ఉంది. ఆ తెగిన ముడి ఏం చేస్తుందో 2009లో బయటపడింది. కేంద్రం కూలిని కనీస వేతనంతో సంబంధం లేకుండా స్తంభింపజేస్తే, మన కూలీల తరఫున ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. బిల్లు దశలో వదిలేసిన మెలికను తర్వాత కోర్టులో విప్పుకోవడం పేదవాడికి ఎంత భారమో చెప్పక్కర్లేదు.

బండ్లపల్లి నుంచి పల్లెపల్లెకూ

2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ ఈ పథకాన్ని మన అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభించారు. వానలు మొహం చాటేసే నేల, వలసబస్సులు కిటకిటలాడే జిల్లా. ఈ చట్టానికి అంతకన్నా తగిన పురిటిగడ్డ దొరకదు. తొలివిడత 200 జిల్లాలు, 2008 ఏప్రిల్ నాటికి దేశంలోని గ్రామీణ జిల్లాలన్నీ. అయిదేళ్ల గడువు పెట్టిన పని రెండేళ్ల చిల్లరలో పూర్తయింది. గడువన్నది బిల్లులోకి రాకపోయి ఉంటే ఈ పరుగు ఉండేది కాదు.

చట్టంలోని 17వ సెక్షన్ సామాజిక తనిఖీ గురించి చెప్పింది. పనుల లెక్కలు గ్రామసభ ముందు పెట్టాలంది. చాలా రాష్ట్రాలు ఆ సెక్షన్‌ను చదివి పక్కన పెట్టాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దాన్ని నెత్తికెత్తుకుంది. చదువుకున్న కూలీల పిల్లలకే శిక్షణ ఇచ్చి, మస్టర్లు పట్టుకుని ఇంటింటికీ పంపింది. ‘నీ పేరు మీద పన్నెండు రోజుల కూలి రాసుంది, ముట్టిందా?’ అని అడిగించింది. చనిపోయినవాళ్ల పేర్లు, దుబాయ్ వెళ్లినవాళ్ల పేర్లు మస్టర్లలోంచి బయటికొచ్చాయి. 2009లో ఇందుకోసమే ఒక స్వతంత్ర సొసైటీని ఏర్పాటు చేసింది. దేశంలో ఇలాంటిది అదే మొదలు.

కూలి సరిగా ముట్టడం ఎంత మార్పు తెస్తుందో తేల్చిన అధ్యయనమూ ఇక్కడే జరిగింది. ఉమ్మడి రాష్ట్రంలో 157 మండలాల్లో స్మార్ట్‌కార్డుల ద్వారా కూలి చెల్లింపును కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ఆర్థికవేత్తలు పరిశీలించారు. చెల్లింపులు మెరుగుపడిన మండలాల్లో పేద కుటుంబాల ఆదాయం బాగా పెరిగింది. ఆ పెరుగుదలలో ఉపాధి పని నుంచి వచ్చింది పదో వంతే. తక్కిన తొంభై శాతం బయటి పనుల్లో వచ్చింది. ‘ఇక్కడ ఇంత ఇస్తున్నారు’ అని చెప్పగలిగినప్పుడు ఆసామి దగ్గర కూలి బేరమాడే ధైర్యం వచ్చిందన్నమాట. ఉపాధి పనికి ఒక్కరోజూ వెళ్లనివాళ్లకు కూడా ఆ మేలు అందింది.

అడవి బిల్లు: పాతికేళ్లు ముందుకు జరిగిన తేదీ

బిల్లులో ఒక తేదీ మారితే ఏమవుతుందో అటవీ హక్కుల చట్టం చెబుతుంది. 2005 డిసెంబరు 13న ప్రవేశపెట్టిన బిల్లు ప్రకారం, 1980 అక్టోబరు 25కు ముందు నుంచి అడవి భూమి సాగు చేసుకుంటున్న గిరిజనులకే పట్టా. అది అటవీ సంరక్షణ చట్టం వచ్చిన తేదీ. పాతికేళ్ల కిందట పోడు కొట్టానని రుజువు తెమ్మంటే, కాగితం అన్నదే చూడని మన్యం మనిషి ఎక్కణ్నుంచి తెస్తాడు?

బిల్లు సంయుక్త పార్లమెంటరీ కమిటీకి వెళ్లింది. దాని అధ్యక్షుడు మన ఉత్తరాంధ్ర గిరిజన నేత, పార్వతీపురం ఎంపీ వి.కిశోర్ చంద్రదేవ్. 2006 మే నెలలో వచ్చిన నివేదిక బిల్లు రూపురేఖల్నే మార్చింది. గడువు తేదీ 1980 నుంచి 2005 డిసెంబరు 13కి వచ్చింది. మూడు తరాలుగా అడవినే నమ్ముకున్న గిరిజనేతరులకూ చోటు దక్కింది. రెండున్నర హెక్టార్ల పరిమితి చివరికి నాలుగు హెక్టార్లయింది. గ్రామసభదే తుది మాట కావాలని కమిటీ కోరింది. అది మాత్రం పూర్తిగా నెగ్గలేదు, తుది నిర్ణయం జిల్లా కమిటీకి పోయింది. ఈనాటికీ పోడు పట్టాల దరఖాస్తులు పైకమిటీల్లో తిరస్కరణకు గురవుతున్నాయంటే, ఆ రోజు వదిలేసిన వాక్యం బాకీ ఇంకా వసూలవుతోందన్నమాట.

మాట చెల్లని సంఘం, ఒట్టిపోయిన చట్టం

కమిటీ చెప్పినా ప్రభుత్వం వినకపోతే ఏమవుతుంది? అసంఘటిత కార్మికుల సామాజిక భద్రత చట్టాన్ని చూడండి. బీడీలు చుట్టేవాళ్లు, తాపీ పనివాళ్లు, ఇళ్లలో పాచిపని చేసేవాళ్లు, తోపుడు బండ్లవాళ్లు... దేశంలో పనిచేసేవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా వీళ్లే. అర్జున్ సేన్‌గుప్తా అధ్యక్షతన ఏర్పడిన జాతీయ కమిషన్ వీళ్ల కోసం ముసాయిదాలు రాసింది. దేశ జనాభాలో 77 శాతం రోజుకు 20 రూపాయలలోపు ఖర్చుతో బతుకుతున్నారని 2007లో తేల్చి చెప్పిందీ ఆ కమిషనే.

ప్రభుత్వం తెచ్చిన బిల్లులో ఆ పదును లేదు. సురవరం సుధాకర్ రెడ్డి అధ్యక్షతన కార్మిక స్థాయీ సంఘం బిల్లును పరిశీలించి ఎన్నో మార్పులు సూచించింది. చాలావాటిని పట్టించుకోకుండానే 2008 డిసెంబరులో చట్టం చేశారు. అప్పటికే నడుస్తున్న పది పథకాల పేర్లను షెడ్యూలులో రాసి, ‘తగిన పథకాలు’ ఎప్పటికప్పుడు రూపొందిస్తామన్నారు. ఎంత, ఎప్పటిలోగా, ఇవ్వకపోతే ఎవరిని అడగాలి అన్నవాటికి జవాబు లేదు. ఆ చట్టం పేరు మన ఊళ్లలో ఎంతమందికి తెలుసు? వంద రోజుల పని గురించి తెలియని కూలీ లేడు, సామాజిక భద్రత చట్టం గురించి తెలిసిన కార్మికుడు అరుదు. నిలదీసి అడగడానికి అందులో ఏమీ లేదు కాబట్టి, దాన్ని గుర్తుపెట్టుకునే అవసరం ఎవరికీ రాలేదు.

ఎనిమిది నెలలు ఎక్కడ, మూడు రోజులు ఎక్కడ

2025 డిసెంబరు 16న ఉపాధి హామీ చట్టం స్థానంలో కొత్త బిల్లు లోక్‌సభకు వచ్చింది. పేరు వికసిత్ భారత్ - రోజ్‌గార్, ఆజీవిక హామీ మిషన్. 18న లోక్‌సభలో, అదే రాత్రి పొద్దుపోయాక రాజ్యసభలో నెగ్గింది. స్థాయీ సంఘానికి పంపాలన్న ప్రతిపక్షాల విన్నపం చెల్లలేదు. మొదటి బిల్లు కమిటీల్లో, వీధుల్లో నలగడానికి ఎనిమిది నెలలు పట్టింది. దాని స్థానంలో వచ్చినదానికి మూడు రోజులు సరిపోయాయి.

వంద రోజుల్ని 125 చేయడం మంచిదే, ఆహ్వానించాలి. కానీ ఇంతకుముందు కూలి మొత్తం కేంద్రమే భరించేది. ఇప్పుడు చాలా రాష్ట్రాలు ఖర్చులో 40 శాతం పెట్టాలి. ఏ రాష్ట్రానికి ఎంతన్నది కేంద్రం ముందే నిర్ణయిస్తుంది, అది దాటితే రాష్ట్రమే భరించాలి. అడిగినవాడికల్లా పని అన్నప్పుడు డబ్బు పని వెనక నడవాలి. డబ్బుకో గీత గీస్తే పని ఆ గీత దగ్గరే ఆగుతుంది. విత్తనాలు, కోతల కాలంలో ఏడాదికి 60 రోజుల దాకా పనులు ఆపే నిబంధన కూడా ఉంది. కూలీలు దొరకడం లేదన్న రైతు బాధ నిజమైనదే. ఆ రైతునూ ఈ కూలీనీ ఒకచోట కూర్చోబెట్టి విని రాస్తే ఆ నిబంధన ఎలా ఉండేదో మనకు ఇక తెలియదు.

ఇది ఒక్క బిల్లు సంగతే కాదు. 15వ లోక్‌సభలో 71 శాతం బిల్లులు కమిటీలకు వెళ్తే, 17వ లోక్‌సభలో వెళ్లినవి 16 శాతమే. ముసాయిదా చట్టాలను కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలన్న విధానాన్ని కేంద్రమే 2014లో ప్రకటించింది. విధానం కాబట్టి పాటించకపోయినా అడిగే దిక్కు లేదు. పేదల బతుకులను తాకే ప్రతి బిల్లుకూ దాన్ని చట్టబద్ధం చేయాలి. ముసాయిదాను తెలుగులో, పంచాయతీ గోడ మీద అంటించగలిగేంత తేలిక మాటల్లో ఇవ్వాలి. గ్రామసభలో చదివించాలి. పథకం లెక్కను జనం ముందు చదివించడం మనకు వచ్చు కదా, దేశానికి మనమే నేర్పాం. అలాగే బిల్లునూ చదివిద్దాం.

బిల్లును ఇలా చదవండి

ఎవరికి? అందరికీనా, జాబితాలో ఉన్నవాళ్లకా? జాబితా అయితే దాన్ని ఎవరు రాస్తారు, తప్పు పడితే ఎవరు దిద్దుతారు?

‘ఇవ్వాలి’ అని ఉందా, ‘ఇవ్వవచ్చు’ అని ఉందా? మొదటిది హక్కు, రెండోది దయ.

గడువు ఎంత? దాటితే నష్టం ఎవరికి? ఉపాధి హామీ చట్టంలో కూలి 15 రోజులు దాటి ఆలస్యమైతే పరిహారం రోజుకు 0.05 శాతంగా ఉండేది. 2025-26లో మన తెలుగు రాష్ట్రాల్లో రోజు కూలి 307 రూపాయలు. ఆరు రోజుల కూలి 1,842 ఆగితే, ఒక్కో రోజు ఆలస్యానికి దక్కేది రూపాయి కూడా కాదు. అంత చిన్న దెబ్బకు ఏ ఆఫీసూ ఉలిక్కిపడదు.

డబ్బు ఎవరు పెడతారు? పరిమితి ఉందా? రాష్ట్రం ఖజానా ఖాళీ అయితే హామీ గతేమిటి?

లెక్క ఎవరు చూస్తారు? పెట్టినవాళ్లేనా, పొందినవాళ్లా?

ఆవిడ అడిగిన ప్రశ్న

ఆ రోజు కందకం గట్టు మీద కూర్చుని, కొత్త చట్టంలో అరవై రోజులు పనులు ఆపే సంగతి చెప్పాను. విత్తనాల సమయంలో, కోతల సమయంలో ఆపుతారని, ఏ రోజులన్నది ప్రభుత్వం ముందే ప్రకటిస్తుందని. ఆవిడ సద్ది ముద్ద చేతిలోనే పట్టుకుని కాసేపు ఆలోచించింది.

“ముందే అంటే ఎట్లన్నా? మాకు వాన పడితేనే గదా ఇత్తనం. ఆ వాన యాపొద్దు పడతాదో దేవుడికే తెలీదు. పడుతుందని ఈ పని ఆపేసినారనుకో. ఆ యేడు వాన రాలేదు. సేన్లో పనీ లేదు, ఈడ పనీ లేదు. ఆ రెండు నెల్లు మేమేం తినల్ల?”

ఆ ప్రశ్నలోనే ఒక సవరణ ఉంది. వాన లోటున్న మండలాల్లో ఆ విరామం వర్తించదని ఒక్క వాక్యం రాస్తే చాలు. రెండు నిమిషాల్లో ఆవిడ చెప్పిన ఆ వాక్యం కోసం చట్టం చేసేవాళ్లు ఎవరూ ఆ గట్టు దాకా రాలేదు. చట్టాన్ని సవరించే దారి మాత్రం మూసుకుపోలేదు. అప్పుడైనా ఆవిణ్ని అడగాలి.

కింద నుంచి మేట్ పిలిచాడు. కొలతల వేళయింది. ఆవిడ కార్డును మళ్లీ నాలుగు మడతలు పెట్టి, నూనె కవరులో దోపి, గడ్డపార అందుకుంది.